యూదు ద్వేషాన్ని పాఠంతో, మతాల మధ్య మాటామంతీతో ఎదుర్కోవడం ఎలా: మొదటి చీటీ నుంచి చివరి చీటీ దాకా

ఈ మధ్య నన్ను అడిగే ప్రశ్నలన్నీ దాదాపు ఒకేలా ఉంటున్నాయి. "ఒక రబ్బీని (యూదుల మతగురువుని) పిలిచి మాట్లాడిస్తే సరిపోతుందా?" "హోలోకాస్ట్ (రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నాజీలు సాగించిన యూదుల మారణకాండ) మీద ఏదైనా సినిమా వేద్దామనుకుంటున్నాం, ఏది వేయమంటారు?" "మా వాళ్లలో ఒక్కరికీ యూదులతో పరిచయం లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి?" అడిగేవాళ్లు టీచర్లు, యువజన సంఘాల వాళ్లు, చర్చిల్లో మసీదుల్లో బాధ్యతలు చూసేవాళ్లు.

అందరికీ ఒకటే చెబుతాను. ఈ పనిలో వరస తప్పితే మొత్తం చెడుతుంది. ముందు మీ వాళ్లకు పాఠం, తర్వాతే అతిథులతో పరిచయం. మనం చదువుకోవాల్సింది చదువుకోకుండా అతిథిని పిలిస్తే, ఆ వచ్చిన మనిషి సాయంత్రమంతా బోనులో నిలబడి జవాబులు చెప్పుకోవాల్సి వస్తుంది.

ఆరు వారాలు పెట్టుకోండి. ఒక వారం తయారీకి, మూడు వారాలు మూడు పాఠాలకు, ఒక వారం ఖాళీగా, ఆరో వారం సమావేశానికి. ఆ ఖాళీ వారాన్ని ఎగ్గొట్టకండి. పాఠాల్లో తేలిన సందేహాలు సర్దుకునేది అప్పుడే.

## 1. ముందు మీ గదిలో ఏముందో చూసుకోండి

చిన్న చీటీలు పంచండి. పేరు రాయొద్దని చెప్పండి. రెండే ప్రశ్నలు అడగండి:

- యూదులు అనగానే మీకు మొదట తట్టేది ఏమిటి?
- అది మీకు ఎక్కడి నుంచి తెలిసింది?

నేను మొదటిసారి ఈ చీటీలు విప్పినప్పుడు చాలావాటిలో "డబ్బు", "వ్యాపారం" అని ఉంది. కొన్నింటిలో "యేసును చంపినవాళ్లు", ఇంకొన్నింటిలో "చాలా తెలివైనవాళ్లు" అని రాశారు. రెండో ప్రశ్న కింద వీడియోలు, ప్రసంగాలు, "అందరూ అంటారు". "నాకు తెలిసిన మనిషి" అన్న జవాబు ఒక్కటీ లేదు.

"చాలా తెలివైనవాళ్లు" అన్న మాట చూసి సంబరపడకండి. పొగడ్త అయినా అదీ ఒక మూసే. తెలివైనవాళ్లు అన్న మాట నుంచి "తెర వెనక అంతా వాళ్లే నడిపిస్తారు" అన్న మాటకు ఎంతో దూరం లేదు.

చీటీలు ఎవరికీ చదివి వినిపించకండి. దాచుకోండి, చివర్లో మళ్లీ పని ఉంది.

## 2. జట్టు, హద్దులు

నడిపేవాళ్లు ఇద్దరు ఉండాలి. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు గదిని గమనించాలి. ఎవరు ముడుచుకుపోయారు, ఎవరి మొహం మాడింది అన్నది మాట్లాడే మనిషికి కనిపించదు. వీలైతే ఇద్దరూ వేరే వేరే మతాల వాళ్లయితే మంచిది.

యూదు ద్వేషం అంటే ఏమిటన్న నిర్వచనం దగ్గర చాలామంది ఇరుక్కుపోతారు. అంతర్జాతీయ హోలోకాస్ట్ స్మారక కూటమి 2016లో ఒక నిర్వచనం ఇచ్చింది. దానితో విభేదించిన పండితులు కొందరు 2021లో జెరూసలేం ప్రకటన పేరుతో మరొకటి ఇచ్చారు. నడిపే ఇద్దరూ రెండూ చదవండి. గుంపు ముందు మాత్రం ఆ తగువు పెట్టకండి, పూట గడిచిపోతుంది. ఒక పని మాట చాలు: యూదులను యూదులైనందుకే అనుమానించడం, నిందించడం, తక్కువ చేయడం, హాని తలపెట్టడం.

గోడ మీద అంటించాల్సిన నియమాలు:

- "మేమంతా" అనొద్దు, "నేను" అని మాట్లాడాలి.
- ఇక్కడ విన్న సొంత కథలు బయట చెప్పకూడదు.
- ఎవరి మతం గురించి వాళ్లు చెప్పుకోవాలి, పక్కవాళ్ల మతాన్ని వాళ్ల తరఫున వివరించకూడదు.
- మతం మార్చే ప్రయత్నం ఉండదు.
- జవాబు చెప్పడం ఇష్టం లేకపోతే "వద్దు" అంటే చాలు, కారణం అక్కర్లేదు.

## 3. మాటలు సరిచూసుకోండి

ఇది అరగంట పని. కానీ సమావేశం రోజు పరువు కాపాడేది ఇదే.

యూదు, ఇజ్రాయెలీ ఒకటి కాదు. ఇజ్రాయెల్‌లో యూదులు కాని పౌరులు ఉన్నారు, ఇజ్రాయెల్‌తో సంబంధం లేని యూదులు ఎన్నో దేశాల్లో ఉన్నారు. హీబ్రూ భాష పేరు, మనుషుల పేరుగా వాడకండి.

"అరబ్బులూ సెమిటిక్ జాతే కదా, వాళ్లు యాంటీ సెమిటిక్ ఎలా అవుతారు?" అని ఎవరో ఒకరు అడిగి తీరతారు. "యాంటీ సెమిటిజం" అన్నది జర్మనీలో 1879లో విల్‌హెల్మ్ మార్ అనే రచయిత వాడుకలోకి తెచ్చిన మాట, యూదు వ్యతిరేకతకు శాస్త్రీయమైన రంగు పూయడానికి. పుట్టినప్పటి నుంచీ దాని అర్థం యూదుల మీద ద్వేషమే. తెలుగులో మనకు ఆ గొడవే లేదు, "యూదు ద్వేషం" అంటే సరిపోతుంది.

క్రైస్తవుల గుంపు అయితే ఇంకో రెండు మాటలు చూసుకోవాలి. "పరిసయ్యుడు" (యేసు కాలం నాటి ఒక యూదు మత వర్గం మనిషి) అంటే వేషధారి అని తిట్టుగా వాడే అలవాటు చాలామందికి ఉంది. నేటి యూదుల రబ్బీ సంప్రదాయం తన మూలాలను ఆ పరిసయ్యుల్లోనే చూసుకుంటుంది. అలాగే "పాత నిబంధన" అన్నది క్రైస్తవుల పేరు. యూదుల ఎదుట "హీబ్రూ బైబిల్" అనో "తనఖ్" అనో అనండి.

గట్టిగా అరిచే మేనేజర్‌ని "హిట్లర్" అనే సరదా కూడా ఈ ఆరు వారాలు పక్కన పెట్టమనండి.

## 4. మొదటి పాఠం: బతికున్న మనుషులు

ఎక్కువమంది చేసే పెద్ద తప్పు శవాల ఫొటోలతో మొదలుపెట్టడం. అప్పటిదాకా ఒక్క యూదు జీవితం కూడా చూడని పిల్లాడికి మొదటి పరిచయమే చావు అయితే, యూదులంటే చచ్చిపోయినవాళ్లు, జాలిపడాల్సినవాళ్లు అని ముద్ర పడిపోతుంది.

అందుకే మొదట మామూలు బతుకు చూపించండి. శుక్రవారం పొద్దుగూకే వేళ వెలిగే దీపాలు, శనివారం సాయంత్రం చీకటి పడేదాకా సాగే సబ్బాతు, అంటే యూదుల వారపు విశ్రాంతి దినం. పెళ్లిలో పగలగొట్టే గాజు గ్లాసు. సినగాగ్‌లో (యూదుల ప్రార్థనా మందిరంలో) ఏం జరుగుతుంది, కోషర్ (యూదుల ఆహార నియమాలు) అంటే ఏమిటి, అస్సలు గుడికి వెళ్లని యూదులు తమను తాము ఎలా చూసుకుంటారు.

ప్రపంచం మొత్తం మీద యూదులు కోటిన్నర పైచిలుకు, అంటే వెయ్యి మందిలో ఇద్దరు. ఆ ఇద్దరిలోనూ ఎన్ని రకాలో చూపండి: తూర్పు యూరప్ మూలాల వాళ్లు, స్పెయిన్ నుంచి 1492లో వెళ్లగొట్టినవాళ్ల సంతతి, యెమెన్, ఇరాక్, ఇథియోపియా మూలాల వాళ్లు. వేరే వేరే దేశాల యూదుల ఫొటోలు పది బల్ల మీద పరిచి "వీళ్లలో యూదులు ఎవరు?" అని అడగండి. అందరూ ముగ్గురినో నలుగురినో ఏరతారు. పదిమందీ యూదులే అని చెప్పాక వచ్చే నవ్వులోనే సగం పాఠం అయిపోతుంది.

## 5. రెండో పాఠం: పుకారు ఎలా తయారవుతుంది

నా లెక్కలో ఆరు వారాల్లో బరువైన పూట ఇదే. దీనికి రెండు గంటలు ఇవ్వండి.

అపోహల పట్టిక బోర్డు మీద రాసి ఒక్కోదాన్ని కొట్టేసుకుంటూ పోయే పద్ధతి వద్దు. ఇంటికెళ్లాక జనానికి గుర్తుండేది అపోహే, దాని మీద గీసిన గీత గుర్తుండదు. ఒక్క పుకారు తీసుకుని దాని పుట్టుక చూపించండి.

నేను వాడేది 14వ శతాబ్దపు యూరప్‌లో ప్లేగు కాలం నాటి బావుల కథ: యూదులు బావుల్లో విషం కలపడం వల్లే రోగం వచ్చిందన్న పుకారు. నాలుగు కార్డులు చేసి, తారీఖులు లేకుండా పంచి, వరస పెట్టమంటాను.

- జెనీవా సరస్సు ఒడ్డున షియోన్ కోటలో కొందరు యూదులను చిత్రహింసలు పెట్టి "బావుల్లో విషం కలిపాం" అనిపించారు.
- ఆ వాంగ్మూలాల నకలు స్ట్రాస్‌బర్గ్ నగరానికి వెళ్లింది.
- స్ట్రాస్‌బర్గ్‌లో వందల మంది యూదులను తగలబెట్టారు. జనం వాళ్లకు ఇవ్వాల్సిన బాకీలు మాఫీ అయిపోయాయి.
- స్ట్రాస్‌బర్గ్‌కు ప్లేగు వచ్చింది.

దాదాపు ప్రతి గుంపూ ప్లేగు కార్డును ముందు పెడుతుంది. అసలు వరస పైన ఉన్నదే. వాంగ్మూలాలు 1348లో, తగలబెట్టింది 1349 ఫిబ్రవరి 14న. అప్పటికి ఆ ఊళ్లో ప్లేగు ఇంకా అడుగే పెట్టలేదు. కార్డులు సరిచేశాక గది నిశ్శబ్దమవుతుంది. వెంటనే మాట్లాడకండి, అర నిమిషం అలాగే ఉండనివ్వండి.

తర్వాత మూడు ప్రశ్నలు వేయండి. ఈ మాట మొదట ఎవరు అన్నారు? దానికి రుజువు ఎలా సంపాదించారు? నమ్మడం వల్ల ఎవరికి లాభం? ఇదే పుకారు మీద అప్పటి పోప్ ఆరో క్లెమెంట్ 1348లోనే అడిగిన ప్రశ్న కూడా చెప్పండి: యూదులూ ఇదే రోగంతో చస్తున్నారు, యూదులే లేని చోట్లా రోగం ఉంది, మరి విషం ఎక్కడిది?

"నిప్పు లేనిదే పొగ రాదు కదండీ" అనే మాట ఈ పూట తప్పకుండా వస్తుంది. కోప్పడకండి. ఆ కార్డులనే చూపించి "ఇక్కడ పొగ ఎవరు పెట్టారో మీరే చెప్పండి" అనండి.

పెద్దవాళ్ల గుంపు అయితే యూదులు ప్రపంచాన్ని ఏలడానికి కుట్ర పన్నారని చెప్పే "జియోను పెద్దల ప్రోటోకాల్స్" అనే దొంగ పత్రం సంగతి కూడా చేర్చండి. 1903లో రష్యా పత్రికలో అచ్చయింది. లండన్ టైమ్స్ 1921లో దాన్నీ, ఫ్రెంచ్ రచయిత మోరిస్ జోలీ 1864లో ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ మీద రాసిన వ్యంగ్య రచననూ పక్కపక్కన పెట్టి కాపీ అని బయటపెట్టింది. జోలీ రచనలో యూదుల కుట్ర ఊసే లేదు. అయినా ఆ పత్రం ఇప్పటికీ కొత్త బట్టలు కట్టుకుని వీడియోల్లో తిరుగుతూనే ఉంది. గుంపుకు మొత్తం పత్రం ఇవ్వొద్దు, రెండు మూడు పేరాలు జోలీ వాక్యాల పక్కన పెట్టి ఇస్తే చాలు.

డబ్బు గురించిన మూసకు జవాబు క్లుప్తంగా: మధ్యయుగపు యూరప్‌లో చాలాచోట్ల యూదులకు భూమి దక్కనివ్వలేదు, చేతివృత్తుల సంఘాల్లో చేర్చుకోలేదు. వడ్డీ తీసుకోవడం క్రైస్తవులకు చర్చి నిషేధించింది. కొందరు యూదులకు ఆ పనే మిగిలింది. ఎక్కువమంది పేదలుగానే బతికారు.

## 6. మూడో పాఠం: హోలోకాస్ట్

ఇక్కడ చేయకూడనివే ఎక్కువ.

- నాటకం వద్దు. పిల్లల చొక్కాలకు (నాజీలు యూదులతో బలవంతంగా పెట్టించిన) పసుపు నక్షత్రం అంటించడం, లైట్లు ఆర్పి "రైలు పెట్టె" ఆడించడం లాంటివి అసలే వద్దు. అనుభవం ఎవరికీ రాదు, ఆటగా మారుతుంది లేదా ఒక పిల్లాడు ఏడుస్తాడు.
- చంపేసిన 60 లక్షల మంది యూదుల అంకెతో మొదలుపెట్టొద్దు. ఒక కుటుంబంతో మొదలుపెట్టి అంకె దగ్గరికి రండి.
- నాజీల మాటలను మన మాటలుగా వాడొద్దు. "తుది పరిష్కారం" అన్నది యూదులందరినీ చంపే పథకానికి హంతకులు వాడిన పదం, దాని పక్కన "వాళ్లు పెట్టుకున్న పేరు" అని చెప్పాలి.
- వేరే ఘోరాలతో తూకం వేయొద్దు. ఎవరి బాధ పెద్దదన్న పోటీలో అందరూ ఓడిపోతారు.

చేయాల్సిందల్లా మెట్లు చూపడం. యూదుల పౌరసత్వ హక్కులు లాగేసిన 1935 న్యూరెంబర్గ్ చట్టాలు, 1938 నవంబరు 9, 10 తేదీల్లో దుకాణాలు, సినగాగ్‌లు పగలగొట్టిన రాత్రులు, యూదుల సామూహిక హత్యను ఎలా నడపాలో నాజీ అధికారులు మాట్లాడుకున్న 1942 జనవరి వాన్సే సమావేశం. ఒక్కో మెట్టు దగ్గర ఆగి "ఇక్కడ పక్కింటివాడు ఏం చేయగలిగేవాడు?" అని అడగండి.

బతికి బయటపడ్డవాళ్ల గొంతు వినిపించండి. అమెరికాలోని యూఎస్‌సీ షోవా ఫౌండేషన్ దగ్గర 50 వేలకు పైగా వీడియో సాక్ష్యాలు ఉన్నాయి. పది నిమిషాల ముక్క ఒక్కటి ఎంచుకోండి. ముందు మీరు పూర్తిగా చూడండి. నేను ఒకసారి చూడకుండా వేశాను, మధ్యలో వచ్చిన వివరణకు ఒక అమ్మాయి లేచి బయటికి వెళ్లిపోయింది. తప్పు ఆ అమ్మాయిది కాదు.

కాపాడినవాళ్ల కథలు చెప్పండి, కానీ కొలతతో. అలాంటివాళ్లు అరుదు, ఆ సంగతి దాచొద్దు. సారయేవోలో (నేటి బోస్నియా రాజధాని) దెర్విష్ కోర్కుత్ అనే ముస్లిం లైబ్రేరియన్ 1942లో నాజీలకు చిక్కకుండా యూదుల పస్కా పండుగ గ్రంథాన్ని, 14వ శతాబ్దం నాటి బొమ్మల ప్రతిని, దాచిపెట్టారు. ఒక యూదు అమ్మాయికి ఇంట్లో చోటిచ్చారు కూడా. ఈ కథను పాఠంలో సగమే చెప్పి ఆపుతాను. మిగతా సగం సమావేశం రోజు అందరూ కలిసి మాట్లాడుకోవడానికి పనికొస్తుంది.

## 7. అతిథులను పిలవడం

ఒక్కరిని పిలవకండి. ఒక్కరే వస్తే ఆ మనిషి మాటే "యూదుల మాట" అయిపోతుంది. జర్మనీలో "మీట్ ఎ జ్యూ" (ఒక యూదుని కలవండి) కార్యక్రమం వాళ్లు తరగతులకు సాధారణంగా ఇద్దరేసి వెళ్తారు. ఇద్దరూ ఒకే ప్రశ్నకు వేరే జవాబులు చెబితే అంతకన్నా మంచి పాఠం ఉండదు.

నా మొదటి సమావేశం శుక్రవారం సాయంత్రం ఆరింటికి పెట్టాను. చలికాలం, అప్పటికే చీకటి. పిలిచిన పెద్దావిడ ఫోన్‌లో నవ్వి, "ఆ వేళకి నేను ఫోన్ కూడా ముట్టుకోను బాబూ" అంది. సబ్బాతు మీద పాఠం చెప్పింది నేనే మరి.

పిలిచే ముందు చూసుకోవాల్సినవి:

- శుక్రవారం సాయంత్రం, శనివారం వద్దు. ముస్లింల శుక్రవారం మధ్యాహ్న నమాజు, క్రైస్తవుల ఆదివారం ఉదయం కూడా వదిలేయండి. ఆదివారం మధ్యాహ్నం చాలామందికి కుదురుతుంది.
- సెప్టెంబరు, అక్టోబరుల్లో యూదుల పెద్ద పండుగలు, మార్చి, ఏప్రిల్‌లలో పస్కా వస్తాయి. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తుంది. ఆ ఏటి క్యాలెండర్ చూడండి.
- తిండి గురించి అతిథినే అడగండి. కోషర్ ముద్ర ఉన్న సీలు ప్యాకెట్లు, కొయ్యని పండ్లు, కాగితం ప్లేట్లు ఉంటే సాధారణంగా ఇబ్బంది రాదు. వైన్, మద్యం ఎవరికీ పెట్టకండి.
- చేయి కలపడానికి తొందరపడొద్దు. సంప్రదాయ యూదుల్లో, ముస్లింలలో కొందరు స్త్రీ పురుషుల మధ్య కరచాలనం చేయరు.
- భద్రత గురించి వాళ్లు అడిగితే విసుక్కోవద్దు. 2018 అక్టోబరులో పిట్స్‌బర్గ్ సినగాగ్‌లో 11 మందిని కాల్చి చంపారు. చిరునామా బహిరంగంగా పెట్టకుండా పేర్లు ముందే నమోదు చేసుకోండి.

మీ దగ్గరలో యూదులెవరూ లేకపోతే? వీడియో కాల్ పెట్టండి. అదీ కుదరకపోతే పాఠాలతో ఆపేయండి. యూదుల వేషంలో మీవాళ్లనే కూర్చోబెట్టే పని మాత్రం చేయకండి.

## 8. సమావేశం రోజు: 90 నిమిషాలు

ఆరు నుంచి ఎనిమిది మంది కూర్చునే బల్లలు. వేదిక, మైకు, దండలు వద్దు.

మొదటి 10 నిమిషాలు. నియమాలు చదవండి. స్వీడన్ బిషప్ క్రిస్టర్ స్టెండాల్ 1985లో స్టాక్‌హోమ్‌లో చెప్పినట్టుగా ప్రసిద్ధమైన మూడు సూత్రాలు కూడా చెప్పండి: ఒక మతం గురించి ఆ మతస్థులను అడుగు, శత్రువులను కాదు. నీ మంచిని వాళ్ల చెడుతో పోల్చకు. వాళ్ల దగ్గర నీకు నచ్చి ఆశపడేది ఒకటి ఉండేలా చూసుకో.

తర్వాత 25 నిమిషాలు. ఒక్కొక్కరు మూడు నిమిషాలు, అడ్డు ప్రశ్న లేకుండా. ప్రశ్న తేలికది ఇవ్వండి: "మీ పేరు ఎవరు పెట్టారు, ఎందుకు?" మతం గురించి అడగకుండానే మతం వచ్చేస్తుంది.

తర్వాత 30 నిమిషాలు. కలిసి చదవడం. నాకు నచ్చిన అంశం అబ్రాహాము ఇంటికి వచ్చిన అతిథులు. ఆదికాండం 18వ అధ్యాయం మొదటి భాగం, హెబ్రీయులకు 13:2, ఖురాన్ 51:24 నుంచి 30. ఎవరి గ్రంథాన్ని వాళ్లు చదివి పరిచయం చేస్తారు, మిగతావాళ్లు అడుగుతారు. ఏకాభిప్రాయం కోసం లాగకండి. తేడాలు కనపడితేనే చర్చకు ప్రాణం.

తర్వాత 15 నిమిషాలు. చీటీల డబ్బా. నడిపేవాళ్లు ముందు చదివి, అవమానించే చీటీని ప్రశ్నగా మార్చి అడగాలి. "యూదులంతా ఎందుకు పిసినారులు?" అని వస్తే, "దానధర్మాల గురించి మీ సంప్రదాయం ఏం చెబుతుంది?" అని చదవండి.

చివరి 10 నిమిషాలు. ఒక్కొక్కరు ఇవాళ కొత్తగా విన్న ఒక్క విషయం చెప్పాలి. మెచ్చుకోలు ప్రసంగాలు వద్దు, టీ తాగుతూ మాట్లాడుకోనివ్వండి.

## 9. ఇజ్రాయెల్ ప్రస్తావన వచ్చినప్పుడు

వస్తుందా అని అడగకండి, వస్తుంది. 2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్ మీద పాలస్తీనా సాయుధ సంస్థ హమాస్ చేసిన దాడి, ఆ తర్వాత గాజాలో యుద్ధం మొదలైనప్పటి నుంచి ఇరువైపులా పచ్చి గాయాలతోనే గదిలోకి వస్తున్నారు.

ఒక ప్రభుత్వాన్ని, దాని సైన్యాన్ని, చట్టాలను విమర్శించడం యూదు ద్వేషం కాదు. గీత ఎక్కడ దాటుతుందో గుంపుకు ముందే చెప్పండి: ప్రభుత్వం అనాల్సిన చోట "యూదులు" అన్నప్పుడు, బావుల విషం లాంటి పాత బొమ్మలు మళ్లీ వచ్చినప్పుడు, ఎక్కడో ఉన్న యూదు కుటుంబాన్ని ఆ యుద్ధానికి సంజాయిషీ అడిగినప్పుడు.

అదే న్యాయం అటువైపూ వర్తించాలి. ముస్లిం అతిథిని "ముందు హమాస్‌ను ఖండించండి" అని గుమ్మంలో నిలబెట్టడమూ తప్పే. ఎవరికీ ఖండన ప్రవేశ టికెట్ కాకూడదు.

వేడి పెరిగితే నేను చేసేది ఇది. వాదన ఆపి, ఐదు నిమిషాలు "మీరు ఎవరి గురించి భయపడుతున్నారు?" అన్న ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పమంటాను. పేర్లు వస్తాయి, అక్కలు, మేనల్లుళ్లు, స్నేహితులు. ఆ తర్వాత వాదన మళ్లీ మొదలైనా గొంతు తగ్గుతుంది.

## 10. గదిలో ద్వేషపు మాట పడితే

ఒకసారి జరిగింది జరిగినట్టే రాస్తాను.

"మీడియా అంతా వాళ్ల చేతుల్లోనే ఉందట కదండీ?"

"ఎక్కడ విన్నారు సార్?"

"ఏదో వీడియోలో."

"అందులో ఎన్ని సంస్థల పేర్లు చెప్పారు? అవి కాని మీడియా సంస్థల గురించి చెప్పారా?"

కాసేపు ఆలోచించి, "నాలుగైదు చెప్పినట్టున్నారు. మిగతావాటి గురించి లేదు" అన్నారు.

"ఒక సంస్థ యజమాని క్రైస్తవుడైతే మీడియా క్రైస్తవుల చేతిలో ఉందంటామా?"

అక్కడితో ఆపాను. ఆయన్ని గెలిచి కూర్చోబెట్టడం నా పని కాదు.

తెలియక అన్నవాళ్లకు ఈ పద్ధతి సరిపోతుంది. కావాలని గుచ్చేవాళ్లకు కాదు. వాళ్లకు నియమం గుర్తుచేయండి, రెండోసారి అంటే బయటికి పంపండి, మొహమాటం వద్దు. ఎలాగైనా ఆ మాట తగిలిన అతిథి దగ్గరికి అదే రోజు వెళ్లి మాట్లాడండి. "వాడు అలాంటివాడు కాదు" అని సర్దిచెప్పకండి, "విన్నాం, ఆపాం, మీకు ఇంకేమైనా కావాలా?" అని అడగండి.

## 11. తర్వాత మూడు నెలలు

ఒక్క సమావేశంతో వదిలేస్తే అది ఫొటోగా మిగులుతుంది.

- వారంలోపు అతిథులకు ఫోన్ చేసి ఏది ఇబ్బంది పెట్టిందో అడగండి.
- నెలలోపు మీవాళ్లు వాళ్ల దగ్గరికి వెళ్లాలి. పిలిస్తేనే.
- మాటలు కాకుండా ఏదో ఒక పని కలిసి చేయండి: రక్తదానం, పిల్లలకు ట్యూషన్, పార్కు శుభ్రం చేయడం.
- రెండు వైపులా ఎక్కడైనా దాడి జరిగితే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో ముందే పేర్లు రాసిపెట్టుకోండి.
- మూడో నెల చివర్లో అవే రెండు ప్రశ్నల చీటీలు మళ్లీ పంచండి.

పాత చీటీలు, కొత్తవి పక్కపక్కన పెట్టి చూసుకోండి. మొదటి ప్రశ్న కింద మార్పు లేకపోయినా దిగులు పడకండి, రెండో ప్రశ్న చూడండి. మా గుంపులో చాలామంది మళ్లీ "వీడియోలు" అనే రాశారు. ఒకరు మాత్రం వంకర అక్షరాలతో ఇలా రాశారు: "ఆ పెద్దావిడ చెప్పింది. జడలా అల్లే రొట్టె ఎలా చేయాలో కూడా చెప్పింది, నాకు ఇంకా సరిగ్గా రాలేదు."